పక్క సీటులోని గురువు: పశ్చిమ ప్రకాశంలో దంపతుల డ్రైవింగ్ పాఠాల చరిత్ర

భర్త భార్యకు గేర్ల కారు నేర్పడం ఇవాళ రాచర్ల, గిద్దలూరు, కంభం, మార్కాపురం ప్రాంతాల్లో ఎవరికీ వింతగా తోచదు గాని, ఆ అలవాటు వయసు చాలా తక్కువ. మోటారు బండి నడిపే విద్య ఈ ప్రాంతానికి మొదట జీతానికి చేసే వృత్తిగా వచ్చింది. దాన్ని గురువు వెంట ఏళ్ల తరబడి తిరిగి, బండి కడిగి, టైర్లు మార్చి, తిట్లు తిని సంపాదించుకునేవారు. ఆ విద్య వృత్తి గడప దాటి ఇంటి గడపలోకి వచ్చి, జీతమూ గురుదక్షిణా లేకుండా ఆలుమగల మధ్య చేతులు మారడం 20వ శతాబ్ది చివరి రెండు దశాబ్దాల్లో బలపడిన మార్పు. అందుకు చట్టంలోని ఒకటి రెండు వాక్యాలు, ఒక చిన్న కారు నిర్మాణం, ఈ నేల మీది దారుల స్వభావం మూడూ తోడయ్యాయి. వృత్తిగా ఉన్నంతకాలం ఆ విద్యకు లైసెన్సు పుస్తకాల్లో, బస్సు యజమానుల లెక్కల్లో కొంత జాడ ఉండేది. ఇంట్లోకి వచ్చిన నాటి నుంచి ఎవరు ఎవరికి నేర్పారన్నది ఏ కాగితమూ చెప్పదు. కాబట్టి ఈ చరిత్రను నేలనూ, యంత్రాన్నీ, చట్టాన్నీ పక్కపక్కన పెట్టి చదువుకోవలసిందే.

రాచర్ల నల్లమలకు తూర్పు పాదాన ఉన్న మెట్ట మండలం. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టిన గుండ్లకమ్మ కొండ దిగి వచ్చే చోట, ఈ మండలపు అడవిలో, నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడి ఉంది. దిగువన అదే యేటికి అడ్డుకట్ట వేసి పూర్వులు కంభం చెరువును కట్టారు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా గిద్దలూరు, మార్కాపురం తాలూకాలు కర్నూలు జిల్లాలోనే ఉండేవి. 1972లో ఆ కొత్త జిల్లాకు టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఈ పాలనా వివరాలు డ్రైవింగుకు సంబంధం లేనివిగా కనిపించవచ్చు గాని, 1970కి ముందు ఈ తాలూకాల వారికి జిల్లా కేంద్రం నల్లమలకు ఆవలి వైపున ఉండేదనీ, అక్కడికి వెళ్లాలంటే 19వ శతాబ్ది చివరి దశకాల్లో వేసిన మీటరు గేజి రైలు ఎక్కాలి లేదా నంది కనుమ దాటి నంద్యాల మీదుగా పోవాలనీ గుర్తు చేసుకుంటే వాటి బరువు తెలుస్తుంది. కొండల వరసల మధ్య మనుషులూ పశువులూ దాటడానికి వీలైన సందును కనుమ అంటారు. తీరానికీ లోపలి మైదానాలకూ మధ్య సరుకు మోసిన ఎడ్లు నడిచిన అలాంటి సందులోనే తరవాత రైలు పట్టాలూ, మోటారు రోడ్డూ పరుచుకున్నాయి.

గిద్దలూరు నుంచి దిగువమెట్ట, పచ్చర్ల మీదుగా నంద్యాలకు పోయే ఆ ఘాటు రోడ్డు, ఈ ప్రాంతంలో బండి నేర్చుకున్న ప్రతివారికీ చివరి పరీక్షగా నిలిచింది. ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలన్నది కొండ దారుల డ్రైవర్లందరి నియమం. దాని వెనక కారణం సులువైనదే. దిగుడులో బరువు బండిని ముందుకు నెడుతుంటే బ్రేకు మీదే ఆధారపడితే, ఆ రాపిడి వేడికి బ్రేకు పట్టు సడలుతుంది. చిన్న గేరులో ఉంచితే చక్రాలే ఇంజనును తిప్పవలసి వచ్చి, ఆ శ్రమ వల్ల బండి తనంతట తానే నిదానిస్తుంది. గేరును తీసేసి న్యూట్రల్‌లో దిగేవాడు, అంటే ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెంచి బండిని జారవిడిచేవాడు, పెట్రోలు కాస్త మిగుల్చుకుని ప్రాణం పణంగా పెడతాడు. మైదానంలో గేరు సౌకర్యం మాత్రమే, కొండ మీద అది రక్షణ. ఈ భేదాన్ని మాటల్లో చెబితే తలకెక్కదు, వాలు మీద కూర్చోబెట్టి చూపించాలి.

భాషలోనూ ఈ విద్య పాత జాడ నిలుపుకుంది. ఈ ప్రాంతపు పల్లెల మాటలో బండిని 'తోలుతారు'. పశువును వెనక నుంచి అదిలించి ముందుకు నడిపించడానికి వాడే ఆ క్రియే ఎద్దుల బండి మీదుగా లారీకీ, బస్సుకూ, కారుకూ సాగింది. మాట సాగినంత తేలికగా పని సాగలేదు. ఎద్దుకు కదలడం తెలుసు, తోలేవాడు దానికి ఎప్పుడు, ఎటు అన్నది చెబితే చాలు. పెట్రోలు ఇంజనుకు నిలకడ నుంచి కదలడం అసలు రాదు. అది ఆగకుండా తిరుగుతూ ఉంటేనే బతుకుతుంది, తిరుగుతున్న దాన్ని ఆగి ఉన్న చక్రాలకు మెల్లగా జత చేసే పని మనిషి పాదమే చేయాలి. ఎద్దుల బండి కాలం నుంచి మోటారు కాలానికి మారినప్పుడు కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది ప్రధానంగా ఈ ఒక్క జత కలిపే పనినే. దాన్ని చేసే భాగానికి క్లచ్ అని పేరు.

మొదటి తరం డ్రైవర్లు దాన్ని నేర్చుకున్న పద్ధతిని క్లీనరు చదువు అనవచ్చు. క్లీనరు అంటే లారీలో, బస్సులో డ్రైవరుకు సాయంగా ఉండి, బండి కడిగి, రేడియేటరులో నీళ్లు పోసి, ఎక్కుడులో బండి ఆగితే చక్రం వెనక రాయి పెట్టి, చిల్లర పనులన్నీ చేసే కుర్రవాడు. అతనికి పాఠమంటూ ఏదీ ఉండదు. డ్రైవరు కాళ్ల వంకా చేతుల వంకా చూస్తూ రోజులు గడిపి, ఖాళీ దారి మీద గురువు దయ తలచిన పూట స్టీరింగు పట్టుకుంటాడు. పట్టణాల్లో సంపన్నుల ఇళ్లకు కార్లు వచ్చినప్పుడు కూడా యజమానులు ఇలాంటి చదువు చదివినవారినే జీతానికి పెట్టుకున్నారు. ఐరోపాలో కారు నడిపే సేవకుణ్ణి పిలిచే 'షోఫర్' అనే ఫ్రెంచి మాటకు అసలు అర్థం కొలిమిలో నిప్పు ఎగదోసేవాడని. ఆ మాటలాగే మన 'డ్రైవరు' కూడా చాలాకాలం ఒక పనివాడి పేరుగానే ఉండిపోయింది. క్లీనరు బతుకు రాత్రింబగళ్లు రోడ్డు మీదే గడిచేది కాబట్టి ఆ చదువులో ఆడపిల్లకు చోటు లేదు. యజమాని భార్యకు కారులో వెనక సీటే దక్కింది.

లోకం మొత్తం మీద ఇలాగే జరిగిందనుకోవడం పొరపాటు. మోటారు కారు చరిత్రలో తొలి దూర ప్రయాణం చేసింది ఒక భార్యే. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ తన భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల బండిని, అతనికి చెప్పకుండా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు నడిపింది. ఎక్కుళ్లలో బండి లాగలేకపోతే దిగి తోయవలసి వచ్చింది. ఆ అనుభవం మీదనే కొండ ఎక్కడానికి మరో గేరు ఉండాలన్న ఆలోచన కార్ల్ బెంజ్‌కు చేరింది. గేరు ఎందుకు కావాలో భర్తకు భార్య నేర్పిన సందర్భంగా దీన్ని చూడడం న్యాయం. మన దేశంలో 1905లో బొంబాయిలో కారు నడిపిన సుజాన్ టాటాను తొలి మహిళా డ్రైవరుగా చెబుతారు. ఆమె రతన్‌జీ దాదాభాయి టాటా భార్య, జె.ఆర్.డి. టాటా తల్లి. ఇంకా వెనక్కి పోతే, యుద్ధభూమిలో స్పృహ తప్పిన దశరథుణ్ణి రథం తోలి తప్పించి తెచ్చిన కైకేయి కథ తెలుగువారికి కొత్త కాదు. భార్య పగ్గాలు పట్టడం మన ఊహకు ఎన్నడూ దూరం కాలేదు గాని, అందుకు తగిన పాఠశాల మాత్రం చాలాకాలం లేకపోయింది.

ఆ పాఠశాల ఇల్లే కావడానికి ముందు యంత్రం కాస్త మెత్తబడవలసి వచ్చింది. 1890ల ప్రారంభంలో ఫ్రాన్స్‌లో ఎమిల్ లెవాసార్ రూపొందించిన గేరుపెట్టెలో పళ్ల చక్రాలు ఒక కడ్డీ మీద జరిగి ఒకదానితో ఒకటి కలిసేవి. రెండూ ఒకే వేగంతో తిరగకపోతే పళ్లు కరకరలాడి అరిగిపోయేవి కాబట్టి, డ్రైవరు క్లచ్‌ను ఒకటికి రెండుసార్లు తొక్కి, మధ్యలో రేసు ఇచ్చి, అంటే ఇంజను వేగం పెంచి, చెవితో వేగాలు సరిచూసుకోవలసి వచ్చేది. 1928లో అమెరికాలో కాడిలాక్ కారులో వచ్చిన సింక్రోమెష్ ఏర్పాటు, పళ్లు కలవడానికి ముందే చిన్న రాపిడి కట్లతో వేగాలను సమానం చేసి, ఆ చెవి విద్య అవసరాన్ని తగ్గించింది. మన పల్లెలకు ఆ మెత్తదనం ఆలస్యంగా చేరింది. మహీంద్రా వారు 1947 నుంచి బిగించి అమ్మిన విల్లీస్ జీపుల్లోనూ, 1950ల చివర నుంచి తిరిగిన అంబాసిడర్‌లోనూ మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు. బండి పూర్తిగా ఆగితే గాని ఆ గేరు శుభ్రంగా పడదు. అంబాసిడర్‌లో గేరు కర్ర నేల మీద గాక స్టీరింగు స్తంభానికి ఉండి, ఏ గేరు ఎక్కడుందో కంటికి కనబడక, వాడిన కొద్దీ కీళ్లు వదులై వెతుక్కోవలసి వచ్చేది.

మెట్ట పల్లెల్లో చాలామంది మగవాళ్లు మొదట క్లచ్ తొక్కింది కారులో కూడా కాదు, ట్రాక్టరులో. ఇది దంపతుల పాఠం మీద గట్టి ప్రభావం చూపిందని చెప్పక తప్పదు. దుక్కి దున్నేటప్పుడు ట్రాక్టరుకు పనికి తగ్గ గేరు నిలబడి ఉండగానే వేసి, క్లచ్ వదిలి, ఆ ఒక్క గేరులోనే చాలు పొడవునా పోతారు; ఎడమ, కుడి చక్రాలకు బ్రేకు పెడళ్లు విడివిడిగా ఉంటాయి; క్లచ్ కాస్త దురుసుగా వదిలినా బరువైన డీజిల్ ఇంజను ఓర్చుకుంటుంది. ఇలా నేర్చినవాడు చిన్న పెట్రోలు కారు పక్క సీటులో కూర్చుని, పరుగులో గేర్లు మార్చడం గురించీ, అరంగుళం కదలికతో క్లచ్ పట్టే చోటు గురించీ మరొకరికి చెప్పాలంటే, తనకు ఎన్నడూ ఎదురుకాని కష్టాన్ని వర్ణించవలసి వచ్చినట్టే.

ఇక చట్టం. దేశమంతటికీ వర్తించిన తొలి మోటారు వాహనాల చట్టం 1914లోనూ, దాని స్థానంలో విస్తృతమైన చట్టం 1939లోనూ వచ్చాయి. లైసెన్సు లేనిదే బండి నడపరాదని చెప్పిన 1939 చట్టంలోని మూడో సెక్షనే, నేర్చుకుంటున్నవారికి ఆ నిషేధం ఏ షరతులతో వర్తించదో నిర్ణయించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. నేర్చుకునేవాడు రోడ్డు మీదికి రాకుండా నేర్చుకోలేడన్న సత్యాన్ని చట్టం గుర్తించి తెరిచిన చిన్న తలుపు అది. బ్రిటన్‌లో 1935లో డ్రైవింగు పరీక్ష తప్పనిసరి అయినప్పుడు, నేర్చుకునేవారి బండికి 'ఎల్' అక్షరం తగిలించే పద్ధతి మొదలైంది. తెలుగువారు ఎల్ బోర్డు అని పిలిచేది దానినే. 1989 జులై 1న అమల్లోకి వచ్చిన 1988 చట్టమూ, దాని వెంట వచ్చిన 1989 కేంద్ర నియమాలూ ఆ షరతులను దేశమంతటికీ ఒక్కటి చేశాయి. వాటి ప్రకారం నేర్చుకునేవారికి లెర్నర్ లైసెన్సు, అంటే జనం ఎల్‌ఎల్‌ఆర్ అని పిలిచే ఆరు నెలల అనుమతి, ఉండాలి; బండికి ముందూ వెనకా తెల్లటి పలక మీద పది సెంటీమీటర్లకు తగ్గని ఎత్తున ఎర్రటి ఎల్ అక్షరం ఉండాలి; పక్కన చెల్లుబాటయ్యే లైసెన్సు ఉన్న శిక్షకుడు, అవసరమైతే బండిని అదుపు చేయడానికో ఆపడానికో వీలైన చోట కూర్చుని ఉండాలి.

ఈ నియమంలో శిక్షకుడు అన్న మాటను నిదానంగా చదవాలి. రుసుము తీసుకుని నేర్పే డ్రైవింగు స్కూలుకు అదే నియమావళి ప్రత్యేక లైసెన్సు, శిక్షణ పొందిన బోధకులు, శిక్షకుడి కాలికింద కూడా పెడళ్లున్న జంట అదుపు బండి వంటి షరతులు పెట్టింది. ప్రతిఫలం లేకుండా నేర్పేవారికి ఇవేవీ లేవు. ఆ తరగతి కారు నడిపే లైసెన్సు ఉంటే చాలు, భర్త గాని, భార్య గాని, మేనమామ గాని చట్టం దృష్టిలో శిక్షకుడే. మరోవైపు లారీ, బస్సు వంటి రవాణా వాహనాలకు లైసెన్సు కోరేవారు డ్రైవింగు స్కూలు ధ్రువపత్రం తేవాలని ఆ చట్టమే చెప్పింది. అంటే క్లీనరు చదువు అనే పాత బాటకు చట్టం స్కూలు అనే గేటు పెట్టి, ఇంటి చదువు అనే కొత్త బాటను బార్లా తెరిచి ఉంచింది. గేటు ఉన్న చోట రిజిస్టరు ఉంటుంది, లేని చోట ఉండదు. దంపతుల పాఠాలకు జాడ లేకపోవడానికి మూలం ఇక్కడుంది.

తలుపు తెరిచినా లోపలికి రావడానికి బండి కావాలి. 1983 డిసెంబరు 14న మొదటిసారి అమ్మకానికి వచ్చిన మారుతి 800 ఆ బండి అయింది. దాని 796 సీసీ ఇంజను, తేలికైన స్టీరింగు, తేలికైన క్లచ్ గురించి చాలామంది రాశారు గాని, నేర్పడానికి అది ఎందుకు కుదిరిందన్న సంగతి మీద అంతగా దృష్టి పెట్టలేదు. ముందుకు పోయే అన్ని గేర్లకూ సింక్రోమెష్ ఉండడంతో కరకరల భయం పోయింది. గేరు కర్ర నేల మీద, ఇద్దరికీ కనిపించేలా ఉంది. దాని తల మీద అంకెలు చెక్కి ఉన్నాయి. అన్నిటికంటె ముఖ్యం, అంబాసిడర్‌లోని బల్ల సీటుకు బదులు రెండు విడి సీట్లు వచ్చి, వాటి నడుమ హ్యాండ్‌బ్రేక్ నిలిచింది. ఎడమ సీటులో కూర్చున్న మనిషి కుడి చేతికి అది సరిగ్గా అందుతుంది. బండిని ఆపడానికి వీలైన చోట శిక్షకుడు కూర్చోవాలన్న నియమానికి, జంట పెడళ్లు లేని ఇంటి కారులో దొరికే సమాధానం ఆ కడ్డీ ఒక్కటే. వెనక చక్రాలను మాత్రమే పట్టే ఆ బ్రేకు వేగంలో నమ్మదగినది కాకపోయినా, నడక వేగంలో సాగే మొదటి పాఠాలకు సరిపోతుంది. పట్టణాల్లో కొన్నేళ్లు తిరిగి చేతులు మారిన పాత మారుతులు పల్లెలకు చేరడం మరో మేలు చేసింది. గీతలు పడ్డ బండి మీద నేర్చుకునేటప్పుడు ఇంకో గీతకు ఎవరూ అంతగా వెరవరు.

ఇప్పుడు పాఠం సంగతికి రావాలి. చిన్న కారు ఇంజను ఊరికే నడుస్తున్నప్పుడు కూడా నిమిషానికి ఎనిమిది వందల సార్లకు అటూ ఇటూగా తిరుగుతుంది, చక్రాలేమో కదలవు. క్లచ్ పలక ఈ రెంటి మధ్య ఉంటుంది. పెడల్ పూర్తిగా తొక్కితే పలక విడిపోతుంది, పూర్తిగా వదిలితే గట్టిగా అతుక్కుంటుంది. మధ్యలో ఎక్కడో, పలక జారుతూ జారుతూ పట్టడం మొదలుపెట్టే సన్నని చోటు ఒకటుంది. డ్రైవర్లు దాన్ని హాఫ్ క్లచ్ అంటారు. అక్కడ ఆగకుండా పాదం తీసేస్తే ఇంజను ఊపిరాడక బండి జర్కు కొట్టి ఆఫ్ అయిపోతుంది. అక్కడే ఎక్కువసేపు ఉంచితే పలక కాలిన వాసన వస్తుంది. ఆ చోటు బండికి బండికి మారుతుంది, ఒకే బండిలో పలక అరిగే కొద్దీ జరుగుతుంది, అన్నిటికీ మించి అది నేర్చుకునేవారి పాదం కింద ఉండడం వల్ల పక్క సీటులోని మనిషికి కనిపించదు. స్టీరింగును అవసరమైతే చెయ్యి చాచి తిప్పవచ్చు, గేరు కర్రను చెయ్యి మీద చెయ్యి వేసి చూపవచ్చు, క్లచ్‌ను మాత్రం ఎవరూ ఎవరికోసమూ తొక్కిపెట్టలేరు. నేర్పేవాడికి తెలిసినదంతా ఎన్నడో మాటల నుంచి జారి పాదంలోకి దిగిపోయింది. అతన్ని అడిగితే 'మెల్లగా వదులు' అనే రెండు మాటలే వస్తాయి. ఆ మెల్ల ఎంతన్నది కొలత లేని మాట. కారు పాఠాల్లో ఆలుమగల మధ్య పుట్టే కోపతాపాల్లో ఎక్కువ పాలు స్వభావాలది కాదు, ఈ కొలత లేని మాటది.

దీనికి తోడు ఇద్దరి శరీరాల్లోని పాత అలవాట్లు వేరు. ఇంటి మగవాడు కారు దగ్గరికి రాకముందే మోటారు సైకిలు మీద ఏళ్లు గడిపి ఉంటాడు. క్లచ్ పట్టే చోటు ఎలా ఉంటుందో అతని ఎడమ చేతి వేళ్లకు తెలుసు. మోటారు సైకిలులో క్లచ్ చేతికి, గేరు కాలికి ఉంటే, కారులో క్లచ్ కాలికి, గేరు చేతికి మారాయి. అయినా పట్టు, జారుడు అన్న భావం అతనికి కొత్తది కాదు. స్త్రీలకు ఆ అవకాశం దక్కలేదు. 1970ల నాటి లూనా నుంచి 1984 నాటి కైనెటిక్ హోండా, ఆ తరవాతి స్కూటీ, యాక్టివాల దాకా స్త్రీలు ఎక్కువగా నడిపిన బండ్లు గేర్లు మార్చే పని లేనివే. వాటిలో క్లచ్ పని యంత్రమే చూసుకుంటుంది. చట్టం కూడా ద్విచక్ర వాహనాలకు గేర్లున్నవి, లేనివి అని రెండు తరగతుల లైసెన్సులు పెట్టింది గాని, కార్లకు అలాంటి విభజన పెట్టలేదు. కాబట్టి ఏళ్ల తరబడి స్కూటీ నడిపి, రోడ్డు మీద ఎదుటి బండ్ల అంచనా, మలుపుల లెక్క బాగా తెలిసిన స్త్రీ కూడా, కారు ఎక్కిన మొదటి రోజున క్లచ్ విషయంలో పసిబిడ్డే. ఆమె తడబాటును చేతగానితనంగా లెక్కించిన భర్తలు, తాము పదేళ్లు బజాజ్ మీదో హీరో హోండా మీదో నేర్చుకున్నది ఆమె పదిరోజుల్లో నేర్చుకుంటున్నదని గమనించలేదు.

పాఠం సాగే తావులకు కూడా ఒక వరస ఏర్పడింది. మొదట బడి ఆవరణ, ఎండిన చెరువు నేల, కోతలైపోయిన చేల పక్క మట్టి బాట వంటి చదును. అక్కడ కదలడం, ఆగడం, రెండో గేరు దాకా వెళ్లడం. తరవాత ఊరి బయటి తారు రోడ్డు. అక్కడ గొర్రెల మందలు, ధాన్యం ఆరబోసిన అంచులు, ఎదురుగా దూసుకొచ్చే బస్సు. ఆ తరవాత చెరువు కట్ట ఎక్కుడో, రైల్వే గేటు దగ్గరి మిట్టో. ఎక్కుడులో ఆపి మళ్లీ కదలడం ఈ విద్యలో అన్నిటికంటె కష్టమైన అంకం, ఎందుకంటే కుడి పాదం బ్రేకు మీంచి యాక్సిలరేటర్ మీదికి మారే ఆ క్షణంలో బండి వెనక్కి జారుతుంది. హ్యాండ్‌బ్రేక్ లాగి ఉంచి, క్లచ్ పట్టిందని బండి ముక్కు కాస్త లేచినట్టు తోచాక దాన్ని వదలడం ఇందుకు ఉపాయం. పక్క సీటులోని మనిషి చెయ్యి కడ్డీ మీద, నేర్చుకునే మనిషి పాదం పెడల్ మీద పనిచేసే ఈ ఘట్టంలో, ఇద్దరు మనుషులు కలిసి ఒక్క డ్రైవరు అవుతారు. ఇంటి పాఠానికి ఇంతకంటె గొప్ప ఘడియ లేదు.

ఈ పాఠం ఇంటి మర్యాదలను కూడా కాసేపు తలకిందులు చేస్తుంది. పల్లెల్లో 'ఏమయ్యా' అనీ, పట్నపు ఇళ్లలో 'ఏమండీ' అనీ భర్తను పిలిచే స్త్రీ చేతిలో స్టీరింగు ఉంటుంది. మాటతో ఇల్లు నడిపే అలవాటున్న మగవాడికి పెడళ్లు లేని సీటు దక్కుతుంది. అతని దగ్గర మిగిలేది గొంతు ఒక్కటే కావడంతో అది పెరుగుతుంది, పెరిగిన గొంతుకు ఆమె పాదం బిగుసుకుంటుంది, బిగిసిన పాదం క్లచ్‌ను ఒక్కసారిగా వదిలేస్తుంది. మంచి శిక్షకుడు ఆ సమయంలో మౌనంగా ఉంటాడు. జంట పెడళ్లున్న స్కూలు బండిలో బోధకుడు అరవవలసిన అవసరం రాదు, కాలు కదిపితే చాలు. ఆ భేదాన్ని చూస్తే, ఇంట్లో అరుపులకు చాలావరకు కారణం బ్రేకు లేకపోవడమేనని ఒప్పుకోవాలి.

డ్రైవింగు స్కూళ్లు వ్యాపించిన తరవాత ఇంటి పాఠం పోతుందని అనుకోవచ్చు గాని, అలా జరగలేదు. సొంత వాహనాలు నేర్చుకునేవారికి కనీసం 21 రోజుల శిక్షణ, అందులో పది గంటలకు తగ్గకుండా నిజంగా బండి నడపడం ఉండాలని కేంద్ర నియమాలు చెబుతాయి. పది గంటలు లైసెన్సు పరీక్షలోని ఎనిమిది ఆకారపు దారి తిప్పడానికి సరిపోవచ్చు, ఘాటు రోడ్డుకు సరిపోవు. స్కూలులో మొదలుపెట్టి, లైసెన్సు తెచ్చుకుని, అసలు ధైర్యం ఇంటి కారులో ఇంటి మనిషి పక్కన కూర్చుంటే సంపాదించుకోవడం ఇప్పుడు స్థిరపడిన పద్ధతి. నల్గొండ జిల్లా తండా నుంచి వెళ్లి 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో తొలి మహిళా బస్సు డ్రైవరైన సరిత వంటివారు వృత్తి బాటను కూడా స్త్రీలకు తెరిచారు. ఇంట్లో నేర్పే చేతులు కూడా మారుతున్నాయి. ఉద్యోగాల కోసం నగరాలకు వెళ్లిన జంటల్లో భార్య ముందు నేర్చుకుని భర్తకు నేర్పడం వింత కాదు. శిక్షకుడు అన్న చట్టపు మాటకు ఆడా మగా భేదం లేదు.

అయితే ఈ పాఠంలోని కీలకం, అంటే క్లచ్, మెల్లగా తెరమరుగవుతున్నది. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. ఆ మరుసటి నెలలోనే అదే సంస్థ సెలేరియో కారులో తక్కువ ధరకు ఆటోమేటిక్ గేరు పద్ధతిని తెచ్చింది. అందులో గేరుపెట్టె, క్లచ్ పాతవే, వాటిని కదిపే పాదానికీ చేతికీ బదులు కంప్యూటరు ఆజ్ఞతో పనిచేసే మీటలు వచ్చాయి. పెడళ్లు రెండే ఉన్న ఆ కారులో భార్యకు నేర్పేందుకు భర్త దగ్గర మిగిలేది రోడ్డు మర్యాద ఒక్కటే. అమెరికాకు వెళ్లిన తెలుగు కుటుంబాలకు ఈ మార్పు ఎన్నడో అనుభవమే. అక్కడి కార్లు చాలావరకు ఆటోమేటిక్ కావడంతో, ఇక్కడ చెరువు నేల మీద హాఫ్ క్లచ్ నేర్చుకుని వెళ్లిన స్త్రీల ఎడమ పాదానికి పని లేకుండా పోయింది. బ్రిటన్‌లో ఆటోమేటిక్ కారులో పరీక్ష నెగ్గినవారు గేర్ల కారు నడపకూడదు; మన చట్టంలో ఆ అడ్డు లేదు కాబట్టి, ఆటోమేటిక్‌లో నేర్చి లైసెన్సు పొందినవారు రేపు గేర్ల బండితో నంది కనుమ దిగవచ్చు. అలాంటివారు ఆ వాలు మీదికి వెళ్లే ముందు, గేరు విలువ తెలిసిన ఒక మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవాలి.

రాచర్ల, గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట పరిసరాల్లో మొదటి తరంలో గేర్ల కారు నేర్చుకున్న స్త్రీలు, వారికి నేర్పినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. ఏ బండి మీద, ఏ చెరువు నేలలో, ఎవరి పక్కన కూర్చుని నేర్చుకున్నారో, ఏ మాట వారికి పనికొచ్చిందో, ఏ మాట భయపెట్టిందో రవాణా శాఖ రికార్డుల్లో దొరకదు. ఈ ప్రాంతపు కళాశాలల చరిత్ర, తెలుగు శాఖల విద్యార్థులు, ఇళ్లలోని పిల్లలు, మనవలు ఆ అనుభవాలను వారి మాటల్లోనే, తేదీలతో, బండి పేర్లతో రాసి భద్రపరచాలి. ఆ పని ఈ తరంలోనే జరగాలి.